పాత మజిల్ కారుకు రోడ్డు టైర్ల ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

1964లో పాంటియాక్ జీటీఓ వచ్చినప్పటి నుంచి 1970ల తొలినాళ్ళ దాకా డెట్రాయిట్ కంపెనీలు పెద్ద వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్లు బిగించి అమ్మిన రెండు తలుపుల కార్లను, అంటే మజిల్ కార్లను, దృష్టిలో పెట్టుకుని ఈ సమాధానాలు రాశాను. షెవెల్, కమారో, మస్టాంగ్, ఛార్జర్, రోడ్ రన్నర్ వంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. నేను డాలస్ శివార్లలో ఉంటున్నాను, 2016లో కొన్న 1969 షెవెల్‌ను వారాంతాల్లో నడుపుతుంటాను. ఇక్కడి తెలుగువాళ్ళలో ఇలాంటి కార్లు కొంటున్నవారు తరచుగా అడుగుతున్న ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చాను. మామూలు రోడ్డు మీద నడిపే కారు గురించే ఈ వివరాలన్నీ. రేసు ట్రాకు సంగతి వేరు.

ఈ కార్లకు కంపెనీ మొదట ఎలాంటి టైర్లు ఇచ్చింది?

మన లారీల వాళ్ళు నైలాన్ టైర్లు అని పిలిచే బయాస్ రకం టైర్లు ఇచ్చింది. వీటిలో దారపు పొరలు నులక మంచం అల్లికలాగా ఒకదానికొకటి అడ్డంగా, ఏటవాలుగా సాగుతాయి. 1964 జీటీఓకు పక్కగోడ మీద ఎర్ర గీత ఉన్న టైర్లు దొరికేవి. 1960ల చివర గుడ్‌ఇయర్ వారి పాలీగ్లాస్ వచ్చింది. అది కూడా బయాస్ టైరే గాని, పొరల పైన, రోడ్డును తాకే ట్రెడ్ కింద ఫైబర్‌గ్లాస్ పట్టీలు చుట్టడం వల్ల ట్రెడ్ కొంత గట్టిపడి అరుగుదల తగ్గింది. పక్కగోడ మీద ఉబ్బెత్తు తెల్ల అక్షరాలు ఈ కాలపు టైర్లతోనే ఫ్యాషన్ అయ్యాయి. దారాలు ఏటవాలుగా కాక అంచు నుంచి అంచుకు నేరుగా సాగే రేడియల్ టైరుకు మిషెలిన్ కంపెనీ 1946లోనే పేటెంటు తీసుకున్నా, అమెరికా కార్లలో రేడియల్ టైర్లను మామూలు అమరికగా మొదట ఇచ్చినది 1970 లింకన్ కాంటినెంటల్ మార్క్ 3. అంటే మన కార్ల సస్పెన్షన్, స్టీరింగు, చక్రాల అమరిక అన్నీ బయాస్ టైరును మనసులో పెట్టుకుని గీసినవి. కింద వచ్చే చిక్కులలో సగం ఇక్కడి నుంచే పుడతాయి.

పాత పత్రాలలో ఎఫ్70-14 అని ఉంది. ఈనాటి కొలతలో దీన్ని ఏమనాలి?

మొదటి అక్షరం ఆ టైరు ఎంత బరువు మోయగలదో చెబుతుంది. అక్షరమాలలో ముందుకు పోయేకొద్దీ మోత పెరుగుతుంది. 70 అంటే పక్కగోడ ఎత్తు టైరు వెడల్పులో 70 శాతమని, 14 అంటే రిమ్ము వ్యాసం 14 అంగుళాలని అర్థం. వెడల్పు ఎంతో ఈ సంఖ్యలో ఎక్కడా ఉండదు కనుక నేటి కొలతకు మార్చేటప్పుడు అటూ ఇటూ కొంత తేడా తప్పదు. వాడుకలో ఎఫ్70-14కు బదులు 215/70ఆర్14 (215 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, ఆర్ అంటే రేడియల్) వేస్తారు, ఎఫ్60-15కు బదులు 235/60ఆర్15 వేస్తారు. మొదటిదాని మొత్తం ఎత్తు సుమారు 657 మిల్లీమీటర్లు, రెండోదానిది 663. రెండూ దాదాపు 26 అంగుళాలే కనుక 14 అంగుళాల రిమ్ము నుంచి 15కు మారినా స్పీడోమీటరుకు పెద్దగా తేడా తెలియదు.

ఎత్తును ఎవరికి వారు లెక్క వేసుకోవడం కష్టమేమీ కాదు. వెడల్పును పక్కగోడ శాతంతో గుణించి, రెట్టింపు చేసి, దానికి రిమ్ము వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కలపాలి. 235లో 60 శాతం 141, దాని రెట్టింపు 282, దానికి 15 అంగుళాలకు సమానమైన 381 కలిపితే 663 వస్తుంది.

బయాస్ టైర్లు వేయాలా, రేడియల్ వేయాలా?

కారును ట్రైలరు మీద ప్రదర్శనకు తీసుకెళ్ళి, జడ్జీల ముందు నిలిపి, మళ్ళీ ట్రైలరు ఎక్కించేవారైతే పాత అచ్చుల ఆధారంగా ఇప్పటికీ తయారవుతున్న ఫైర్‌స్టోన్ వైడ్ ఓవల్ వంటి నకలు టైర్లు వేసుకోవచ్చు. టెనెసీలోని కోకర్ టైర్ వంటి సంస్థలు వీటిని అమ్ముతాయి. ఎర్ర గీత గానీ ఆనాటి అక్షరాలు గానీ పక్కగోడ మీద ఉండి, లోపల మాత్రం రేడియల్ నిర్మాణం ఉన్న టైర్లు కూడా దొరుకుతాయి, ధర ఎక్కువ.

నెలకు నాలుగైదు సార్లయినా హైవే ఎక్కేవారికి రేడియల్ తప్ప వేరే సలహా నేను ఇవ్వను. బయాస్ టైరు పక్కగోడ, ట్రెడ్ ఒకే పొరలతో అల్లినవి కావడం వల్ల మలుపులో పక్కగోడ వంగితే ట్రెడ్ కూడా దానితోపాటే మెలి తిరిగి రోడ్డును వదులుతుంది. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా సాగుతాయి, ట్రెడ్ కింద ఉక్కు పట్టీలు విడిగా ఉంటాయి. అందువల్ల పక్కగోడ వంగినా ట్రెడ్ రోడ్డుకు అతుక్కునే ఉంటుంది. బయాస్ టైర్లతో కారు రోడ్డు మీది గాడులను వెతుక్కుంటూ పోతున్నట్టు ఉంటుంది. స్టీరింగును క్షణక్షణం సరిదిద్దుతూ కూర్చోవాలి. నైలాన్ పొరలున్నవైతే రాత్రంతా నిలిచిన చోట అడుగు చదునై, ఉదయం మొదటి రెండు మూడు మైళ్ళు దబదబమని కొడుతూ పోతాయి. ఆ అనుభూతి కోసమే వాటిని వేసుకునే మిత్రులు నాకున్నారు, వారితో వాదించను. అయితే 1960ల నాటి డ్రమ్ బ్రేకులతో ఆనాటి టైర్ల పట్టును కూడా కలుపుకుని నేటి ట్రాఫిక్‌లో దిగడం నాకు ధైర్యం కాని పని.

రెండు బయాస్, రెండు రేడియల్ కలిపి వేయవచ్చా?

వేయకూడదు. మలుపులో ముందు చక్రాలు ఒక తీరున, వెనక చక్రాలు మరో తీరున స్పందిస్తే కారు చెప్పకుండా అదుపు తప్పవచ్చు.

ఎంత వెడల్పు టైరు పడుతుంది?

తోటివారి కారుకు పట్టింది కదా అని ఆర్డరు పెట్టి పొరబడేది ఎక్కువగా ఇక్కడే. ఒకే సంవత్సరం, ఒకే మోడల్ అయిన రెండు కార్ల మధ్య కూడా మడ్‌గార్డు అంచు దగ్గర పావు అంగుళం తేడా ఉండటం ఆ రోజుల తయారీలో మామూలే. పైగా యాభై ఏళ్ళలో ఎవరో ఒకరు ఆ కారును గుద్ది, సాగదీసి, మళ్ళీ అతికించి ఉంటారు. కనుక టైరు కొనే ముందు సొంత కారును సొంతంగా కొలవాలి.

ముందుగా రిమ్మును ముఖం కిందికి ఉండేలా నేల మీద పరచి, పైన లోపలి అంచు మీదుగా ఒక చెక్క స్కేలును అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి చక్రం హబ్బుకు ఆనుకునే తలం వరకు లోతు కొలవాలి. దీన్నే బ్యాక్‌స్పేసింగ్ అంటారు. టైరు ఎంత భాగం లోపలికి, ఎంత భాగం బయటికి వస్తుందో తేల్చేది ఈ కొలతే. రిమ్ము వెడల్పు ఏడు అంగుళాలని చెప్పినప్పుడు అది టైరు కూర్చునే చోటి కొలత. బయటి అంచులతో కలిపి కొలిస్తే ఎనిమిది దాకా వస్తుంది. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని తప్పు రిమ్ములు తెప్పించినవారు చాలామంది ఉన్నారు.

తరువాత కారు వెనక భాగాన్ని ఎత్తేటప్పుడు జాకీని ఛాసిస్ కింద కాక ఇరుసు కింద పెట్టాలి, ఎందుకంటే బరువు స్ప్రింగుల మీద ఉన్నప్పుడే చక్రం తన నిజమైన స్థానంలో ఉంటుంది. లోపలి వైపు ఛాసిస్‌కూ, బయటి వైపు మడ్‌గార్డు మడత అంచుకూ ఎంత ఖాళీ ఉందో చూసి, రెండు పక్కలా కనీసం అర అంగుళం వదలాలి. కమారో, మస్టాంగ్, ప్లిమత్ కార్లలో వెనక పట్టా స్ప్రింగులు ఉంటాయి కనుక ఇరుసు పక్కకు అంతగా కదలదు. షెవెల్ వంటి కాయిల్ స్ప్రింగుల కార్లలో మలుపుల్లో ఇరుసు కొంత పక్కకు జరుగుతుంది కనుక మరికొంత ఎక్కువే వదలడం మంచిది. ముందు చక్రాల విషయంలో స్టీరింగును రెండు వైపులా చివరి దాకా తిప్పి, మడ్‌గార్డు వెనక మూల దగ్గర రాపిడి ఉందేమో చూడాలి. ప్రాంగణం నుంచి రోడ్డు మీదికి దిగే ఏటవాలులో, చక్రం తిరిగి ఉండగానే స్ప్రింగు కుంగినప్పుడు బయటపడే రాపిడి గ్యారేజీలో కనబడదు. అనుమానం ఉన్నచోట మడ్‌గార్డు లోపలి అంచుకు బంకమట్టి అద్ది ఒక చుట్టు తిరిగి వస్తే, తగిలిన గుర్తు మట్టి మీదే పడుతుంది.

రిమ్ముకు తగిన వెడల్పు కూడా ముఖ్యమే. 235/60ఆర్15 టైరుకు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర అంగుళాల రిమ్ము సరిపోతుంది. 275/60ఆర్15కు కనీసం ఏడున్నర కావాలి. ఆరు అంగుళాల పాత ఉక్కు రిమ్ము మీద వెడల్పాటి టైరును ఇరికిస్తే ట్రెడ్ నడుమ ఉబ్బి, అంచులు రోడ్డును తాకక, డబ్బు పోసి కొన్న వెడల్పు గాలిలో ఉండిపోతుంది.

వెనక పెద్దవి, ముందు చిన్నవి వేస్తే తప్పా?

తప్పేమీ కాదు, దానికి చరిత్ర కూడా ఉంది. 1970 ప్లిమత్ ఏఏఆర్ కుడా అనే మోడల్‌కు ఫ్యాక్టరీ నుంచే ముందు ఈ60-15, వెనక జీ60-15 టైర్లు వచ్చేవి. ఈనాడు ముందు 235/60ఆర్15, వెనక 255/60ఆర్15 వేయడం చాలా కార్లకు ఒదిగిపోయే జోడీ.

వెనక 275/60ఆర్15 దాకా పోతే మాత్రం లెక్క మారుతుంది. దాని ఎత్తు 28 అంగుళాలు. 26 అంగుళాల టైరుకు అమర్చిన స్పీడోమీటరు 60 మైళ్ళు చూపుతున్నప్పుడు కారు నిజానికి 64కు పైగా పోతుంటుంది. వెనక ఇరుసు గేరు నిష్పత్తి 3.31 అయితే అది దాదాపు 3.08లాగా పనిచేస్తుంది, సిగ్నలు దగ్గర కారు కదిలే ఊపు తగ్గుతుంది, హైవే మీద ఇంజిను కాస్త నెమ్మదిగా తిరుగుతుంది. హైవే ప్రయాణాలే ఎక్కువైన నాకు ఈ రెండోది లాభమే అనిపించినా, 275 వేయడానికి నా కారు లోపలి మడ్‌గార్డు ఒప్పుకోలేదు. ముందు, వెనక వేర్వేరు కొలతలు వేసినప్పుడు టైర్లను ముందువెనకలుగా మార్చుకుంటూ అరుగుదలను సమం చేసే వీలు పోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

15 అంగుళాల దగ్గరే ఉండాలా, 17కు పోవాలా?

15 అంగుళాల రిమ్ములకు తెల్ల అక్షరాలతో వచ్చే బీఎఫ్ గుడ్‌రిచ్ రేడియల్ టీఏ, కూపర్ కోబ్రా రేడియల్ జీటీ వంటివి రోడ్డు మీద మర్యాదగా నడుస్తాయి. వాటి పక్కగోడ ఎత్తు ఈ కార్ల వంపులకు సరిపోతుంది. ఆ చక్రపు గూడులో పలుచని టైరు పెడితే కారు వేరొకరి బూట్లు వేసుకున్నట్టు కనిపిస్తుందని నా అభిప్రాయం. అయితే బ్రేకు పట్టు, తడి రోడ్డు పట్టు విషయంలో నేటి మంచి టైర్లు ఎక్కువగా 17, 18 అంగుళాల రిమ్ములకే వస్తున్నాయి. పెద్ద డిస్క్ బ్రేకులు బిగించినవారికి 15 అంగుళాల రిమ్ము కాలిపర్‌కు (బ్రేకు డిస్కును నొక్కి పట్టే భాగానికి) తగలవచ్చు కూడా. 245/45ఆర్17 ఎత్తు 652 మిల్లీమీటర్లు, అంటే పాత 14 అంగుళాల అమరికకు దగ్గరే. బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు పాతవే ఉంచి టైరు ఒక్కటే 17కు మార్చితే గతుకుల దెబ్బ వెన్నుకు తగలడం తప్ప ఒరిగేది తక్కువ.

పక్కగోడ మీద 98ఎస్, 400 ఏ బీ అని ఉంటుంది. వీటిని పట్టించుకోవాలా?

98 అంటే ఒక్కో టైరు 750 కిలోలు మోయగలదు. నాలుగు కలిపితే మన కారు బరువు కంటే చాలా ఎక్కువ కనుక ఈ విషయంలో బెంగ అక్కర్లేదు. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం దాకా పరీక్షించినది, టీ అంటే 190, హెచ్ అంటే 210. మామూలు ప్రయాణానికి ఎస్ చాలు. 400 అనేది అరుగుదల అంకె. ఇది ఎంత ఎక్కువైతే రబ్బరు అంత గట్టిది, అంత ఎక్కువ కాలం మన్నేది. తరువాతి ఏ తడి రోడ్డు మీద బ్రేకు పట్టుకు, బీ వేడిని తట్టుకునే శక్తికి గుర్తు. ఏడాదికి రెండు వేల మైళ్ళు నడిపే కారుకు అరుగుదల అంకె చూసి మురిసిపోవడం అనవసరం, ఎందుకంటే ఆ టైరు అరిగేలోపే ముసలిదవుతుంది.

ట్రెడ్ కొత్తదానిలా ఉంది. అయినా టైర్లు మార్చాలా?

ముందు తయారీ తేదీ చూడాలి. పక్కగోడ మీద డాట్ (DOT, అమెరికా రవాణా శాఖ ముద్ర) అనే అక్షరాల తరువాత వచ్చే సంఖ్యలో చివరి నాలుగు అంకెలే ముఖ్యం: 2314 అని ఉంటే 2014లో 23వ వారం. మూడు అంకెలే ఉంటే ఆ టైరు 2000కు ముందుది, దాని మీద గ్యారేజీ నుంచి వీధి చివరికి కూడా పోవద్దు. పూర్తి సంఖ్య ఒక పక్కగోడ మీదే ఉండవచ్చు. అది లోపలి వైపు ఉంటే టార్చి పట్టుకుని కారు కిందికి దూరక తప్పదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. షెవెల్‌ను అమ్మినాయన టైర్లు చూపించి, ఇంకా వెంట్రుకలు కూడా పోలేదండీ అన్నాడు. నిజమే, అచ్చులోంచి వచ్చినప్పుడు ట్రెడ్ మీద మిగిలే సన్నని రబ్బరు వెంట్రుకలు కొన్ని అలాగే ఉన్నాయి. ఆ ఆగస్టులో వేకో వైపు ఇంటర్‌స్టేట్ 35 మీద పోతుంటే వెనక కుడి వైపు నుంచి ఎవరో తలుపు తడుతున్నట్టు చప్పుడు మొదలై, నిమిషం లోపే సుత్తితో కొట్టినట్టయింది. పక్కకు తీసి చూస్తే ట్రెడ్ పట్టీ మూర పొడవున ఊడి వేలాడుతోంది. మడ్‌గార్డు అంచు లోపలి నుంచి బయటికి ఉబ్బి, పెయింటు పెచ్చులుగా రాలింది. విచిత్రంగా టైరులో గాలి మాత్రం అలాగే ఉంది. రోడ్డు పక్కన కూర్చుని మొదటిసారి ఆ సంఖ్య చదివాను: 3005. పదకొండేళ్ళ టైరు. మిగిలిన మూడింటిలో రెండు అదే వయసువి. టైర్ల ధరకు ఎన్నో రెట్లు ఆ మడ్‌గార్డు బాగుచేతకు అయింది.

ఎండ, వేడి, గాలిలోని ఓజోన్ కలిసి రబ్బరును లోపలి నుంచి పెళుసు చేస్తాయి. కారు తిరిగినా, తిరగకపోయినా ఇది ఆగదు. పలు కార్ల కంపెనీలు ఆరేళ్ళకు మార్చమంటాయి, టైర్ల కంపెనీలు సాధారణంగా పదేళ్ళను చివరి గడువుగా చెబుతాయి. టెక్సస్ ఎండకు నేను ఏడేళ్ళు దాటనివ్వను. కొత్తవి కొనేటప్పుడు కూడా తేదీ అడగాలి, ఎందుకంటే తక్కువగా అమ్ముడయ్యే కొలతలు గోదాములో రెండు మూడేళ్ళు పడి ఉండటం అరుదు కాదు.

గాలి ఎంత కొట్టించాలి?

కారులో అతికించిన పాత కాగితం 24 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో గాలి ఒత్తిడి) అని చెబితే, అది బయాస్ టైరుకు చెప్పిన లెక్క. రేడియల్‌కు 30 నుంచి 32 మధ్య మొదలుపెట్టి చూసుకోవచ్చు. ట్రెడ్‌కు అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, చదునైన రోడ్డు మీద కొంత దూరం నేరుగా నడిపితే ఆ గీత ఎక్కడ చెరిగిందో తెలుస్తుంది. నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. పెద్ద ఇనుప ఇంజిను ముందు కూర్చున్న కార్లలో ముందు చక్రాలకు రెండు పీఎస్ఐ ఎక్కువ ఉంచితే స్టీరింగు తేలికవుతుంది. ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

రేడియల్ వేశాక వీల్ అలైన్‌మెంట్ మార్చాలా?

మార్చాలి. షాపు వారి కంప్యూటరులో 1969 షెవెల్ అని కొడితే బయాస్ టైరుకు రాసిన ఫ్యాక్టరీ అంకెలే వస్తాయి, వాటిలో కాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు పక్క నుంచి చూస్తే వెనక్కి వాలే కోణం) సున్నాకు దగ్గరగా ఉంటుంది. రేడియల్‌తో ఆ అమరిక పెడితే కారు నేరుగా పోకుండా తూలుతుంది, నింద టైరు మీద పడుతుంది. పవర్ స్టీరింగు ఉంటే కాస్టర్‌ను మూడు డిగ్రీల దాకా, షిమ్‌లు (సర్దుబాటుకు పెట్టే పలుచని లోహపు బిళ్ళలు) ఎంతవరకు అనుమతిస్తే అంతవరకు పెంచమని, క్యాంబర్‌ను (చక్రం పైభాగం వాలును) అర డిగ్రీ లోపలికి ఉంచమని కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది. మాన్యువల్ స్టీరింగు అయితే కాస్టర్ పెంచేకొద్దీ పార్కింగులో భుజాలు పడిపోతాయి, కనుక ఒకటిన్నర, రెండు దగ్గర ఆపుకోవాలి.

డ్రాగ్ రేడియల్‌లు రోడ్డు మీద వాడవచ్చా?

ఇవి నేరు దారి డ్రాగ్ రేసుల కోసం చేసిన టైర్లు. డాట్ ముద్ర ఉన్నవి చట్టప్రకారం వాడవచ్చు. కాని వాటికి నీటిని బయటికి తోసే గాడులు నామమాత్రం. వాన మొదలైతే అవి నీటి మీద తేలిపోతాయి. రబ్బరు మెత్తన కావడంతో కొన్ని వేల మైళ్ళకే అరిగిపోతాయి కూడా.

టైరు షాపులో ఏమేమి గమనించాలి?

తెల్ల అక్షరాల మీద నీలం పూత ఉంటుంది. అది రవాణాలో మరకలు పడకుండా వేసినది. ఇంటికి వచ్చిన రోజే సబ్బునీళ్ళతో, మెత్తని బ్రష్షుతో కడిగేయాలి. అక్షరాలు బయటికా, లోపలికా అన్నది ముందే చెప్పకపోతే షాపు వారు తమకు తోచినట్టు ఎక్కిస్తారు.

డాడ్జ్, ప్లిమత్ కార్ల వారు మరొకటి మరవకూడదు. 1970 దాకా క్రైస్లర్ కంపెనీ కార్లలో డ్రైవరు వైపు, అంటే ఎడమ వైపు, చక్రాల బోల్టులకు ఎడమ మరలు ఉంటాయి, అంటే విప్పడానికి కుడి వైపుకు తిప్పాలి. కొన్ని బోల్టుల చివర ఎల్ అనే అక్షరం చెక్కి ఉంటుంది. ఈ సంగతి తెలియని కుర్రవాడు ఎయిర్ గన్ను పెట్టి మామూలుగా విప్పబోతే ఆ బోల్టు ఇంకా బిగిసి బిగిసి పటుక్కున తెగుతుంది. కారును అప్పగించే ముందే ఎడమ వైపు నట్ల మీద ఒక టేపు ముక్క అతికించి, దాని మీద బాణం గుర్తు గీయడం నేను చూసిన వాటిలో మేలైన ఉపాయం. పని అయ్యాక నట్లను టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించారో లేదో చూసి, యాభై మైళ్ళ తరువాత ఇంటి దగ్గర మరోసారి బిగించి చూసుకోవాలి. అల్యూమినియం రిమ్ములకు ఇది మరీ ముఖ్యం.

చలికాలమంతా కారు నిలిపి ఉంచితే టైర్లు పాడవుతాయా?

గాలి నాలుగైదు పీఎస్ఐ పెంచి నిలిపితే రేడియల్‌లకు పెద్దగా ఇబ్బంది ఉండదు. కదిలించే ముందు మళ్ళీ మామూలు స్థాయికి దించుకోవాలి. బయాస్ టైర్లయితే కారును స్టాండ్ల మీద ఎత్తి ఉంచడమే మేలు.

డిక్కీలో పాత స్టెప్నీ అలాగే ఉంది. వాడవచ్చా?

చాలా కార్లలో యాభై ఏళ్ళ నాటి అసలు బయాస్ టైరే డిక్కీలో కనిపిస్తుంది. దానికి ప్రదర్శనలో విలువ ఉంది కనుక పారేయకుండా ఇంట్లో భద్రపరచాలి, రోడ్డు మీద మాత్రం దానిని చక్రానికి బిగించకూడదు. ముందు టైర్ల కొలతకే సరిపోయే ఒక రేడియల్‌ను సాదా ఉక్కు రిమ్ముకు ఎక్కించి, దాని నట్లు కూడా వేరే రకమైతే వాటిని ఒక సంచిలో వేసి దానితోపాటే డిక్కీలో ఉంచాలి. అల్యూమినియం రిమ్ముల నట్లు ఉక్కు రిమ్ముకు పట్టవన్న సంగతి రోడ్డు పక్కన తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.